బెండు తొడిగిన సూది

పాప అరుగు మీద కూర్చుని బొమ్మకు సూది వేస్తోంది. నేను వాకిట్లో కందులు చెరుగుతున్నాను. "ఏం కాదు, ఏం కాదు, చీమ కుట్టినట్లుంటాది, అంతే" అని బొమ్మకు ధైర్యం చెప్తోంది. మా ఊరి ఆరెంపీ డాక్టరు పిల్లలకు సూది వేసేటప్పుడు అనే మాట అది. నవ్వొచ్చి తలెత్తాను. చేతిలో ఉన్నది పుల్ల అనుకున్నాను. అంతలో అది ఎండకు తళుక్కుమంది. పుల్ల మెరవదు కదా అనుకున్నాను.

చాట పడేసి వెళ్లాను. ప్లాస్టిక్ గొట్టం, దానికి గులాబిరంగు మొదలున్న లావాటి సూది. పాప ఎడమ బొటనవేలి మీద ఆవగింజంత రక్తం. పిడికిట్లో జొన్నబెండు ముక్క ఒకటి పట్టుకుని ఉంది.

"యాడిదే ఇది?"

"షెడ్డు కాడ, మన గుంతలో. బొమ్మబండి చక్రానికి బెండు దొరికింది. బెండు పీకితే..."

మాట పూర్తి కానివ్వలేదు. చెంప మీద కొట్టాను. ఆ బెండు ముక్క లాగి కాలువలోకి విసిరేశాను. పాపకు అప్పటికి ఆరేళ్లు. అంతకు ముందు నేనెప్పుడూ చెయ్యెత్తలేదు. పక్కన ఆడుకుంటున్న మూడేళ్ల తమ్ముడు అక్క ఏడుపు చూసి తనూ అందుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా పాప ఆ సూది గురించి ఒక్క మాట చెప్పలేదు.

పిల్లలు పడుకున్నాక, వంటింటి గడప దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. జరిగి చాలా కాలమేమీ కాలేదు. ఇప్పటికీ పాప నిద్రలో కదిలితే లేచి నుదురు తాకి చూస్తాను.

మాది మైదుకూరుకు దగ్గర్లో ఒక ఊరు. మాది అంటున్నాను గానీ నేను పుట్టి పెరిగింది కర్నూలు పక్కన కల్లూరులో. బీయస్సీ వృక్షశాస్త్రం చదివి, పెళ్లి చేసుకుని ఇక్కడికొచ్చాను. మా ఆయనకు మైదుకూరు బజారులో చిల్లర కొట్టు ఉంది. పొద్దున బస్సుకు పోతే దీపాలు పెట్టే వేళకు వస్తాడు. ఇంట్లో నేను, పిల్లలు, మా అత్త. కొట్టంలో ఒక పాడి ఎనుము, అంటే గేదె.

సూది దొరికిన షెడ్డు మా పొదుపు సంఘం ఆడవాళ్లు కట్టించుకున్నది. ఊళ్లో ఊడ్చిన కసువంతా అక్కడికి చేర్చి, కుళ్లేదాన్ని వానపాములకు వేసి ఎరువు చేసి, కుళ్లనిదాన్ని వేరే మూటలు కట్టేవాళ్లం. అంతకుముందు ఎవరి దిబ్బ వాళ్లదే. పేడా, కసువూ గంపకెత్తుకుని పొద్దున్నే ఎవరి దిబ్బ మీద వాళ్లు పోసుకొచ్చేవాళ్లు. పేడ మాత్రమే ఉన్న రోజుల్లో అది బాగానే ఉండేదట. షాంపూ పొట్లాలు, పాల కవర్లు, గుట్కా కాగితాలు వచ్చాక దిబ్బ ఎరువు పొలానికి తోలితే చేనంతా కవర్లు ఎగిరేవి. ఒక ఇంట్లో ఎనుము చచ్చిపోతే కడుపులోంచి గంపెడు కవర్లు తీశారు. ఆ గంప చూసిన వారంలోనే సంఘం ఒప్పుకుంది.

ఒప్పుకుంది గానీ ఒక పేచీ పెట్టింది. పెట్టింది కూడా మా అత్తే.

"మన కసువు ఊరోళ్ల కసువులో కలిస్తే మన పాడి వాళ్లింటికి పోతాది. యా వీధిది ఆ వీధిలోనే ఉండాల."

నేను నవ్వాను. చదువుకున్నదాన్ని కదా. కానీ ఇరవై మందీ ఆమె వైపే తలలూపారు. కసువులో లక్ష్మి ఉంటుందని, శుక్రవారం నాడు గడప దాటించకూడదని నమ్మే మనుషులు మరి. చివరికి షెడ్డులో నాలుగు గుంతలు కట్టించాం, వీధికొకటి. ఏ వీధి కసువు ఆ గుంతలో. ఎరువు తయారయ్యాక ఆ వీధి వాళ్లే గంపలతో పంచుకుంటారు. ఆ మూఢనమ్మకం నాకు ఎంత పనికొస్తుందో అప్పుడు తెలియదు.

మూడు చక్రాల బండి తోయడానికి ఇద్దరు ఆడవాళ్లను పెట్టాం. ఒకామె మా వీధి చివర ఇంట్లో ఉంటుంది. ఆమె భర్త లారీ డ్రైవరు, రెండేళ్ల కిందట పోయాడు. ఏ జబ్బుతో పోయాడో ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పేరు పలకరు, "ఆ జబ్బు" అంటారు. ఆమెను కూలికి పిలవడం మానేశారు. బండి పనికి ఆమె పేరు చెప్పింది నేనే. "ఆమె చెయ్యి తగిలిన కసువు ఏమవుతాది, ఇంకా మురికి అవుతాదా?" అని సంఘంలో గట్టిగా వాదించాను. ఆ వాదన గుర్తొచ్చినప్పుడల్లా నామీద నాకు కొంచెం గర్వంగా ఉండేది. నేను ఆమెను అక్కా అంటాను, ఆమె నన్ను పాపా అంటుంది.

కసువు వేరుచేసే పని అందరం వట్టి చేతులతోనే చేసేవాళ్లం. ఒకసారి రబ్బరు తొడుగులు తెప్పిస్తే ఒకామె రెండు వేళ్లు దూర్చి తీసేసింది. "ఇది తొడుక్కుంటే నా చెయ్యి నాకే పరాయిదిగా ఉండాది మే" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వి, వాటిని గూట్లో పెట్టేశాను.

సూది దొరికిన ఆ సోమవారం సాయంత్రమే పాపను ఎత్తుకుని ఆరెంపీ డాక్టరు ఇంటికి వెళ్లాను. నా వెనక మా అత్త, వీధిలో నలుగురు. ఆయన యాభై దాటిన మనిషి, పాత మోపెడ్డు మీద చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరుగుతాడు. మాకు అర్ధరాత్రి దిక్కు ఆయనే.

"ఏమప్పా డాక్టరూ, సూదులు మా బిడ్డల ఆటకు ఇస్తాండావా?" అని వెనకున్నామె ముందే అందుకుంది.

ఆయన పాప వేలు సబ్బుతో కడిగి, ధనుర్వాతానికి సూది వేసి, అప్పుడు నేను తెచ్చిన సూది చేతిలోకి తీసుకున్నాడు. లోపలికి వెళ్లి ఒక పాలపొడి డబ్బా తెచ్చి మూత తీశాడు. నిండా వాడిన సూదులు.

"నావన్నీ నీలంవి, సన్నవి. అన్నీ ఈ డబ్బాలోనే పడతాయి. నిండినాక గుంత తీసి పూడుస్తా. ఇంత లావుది నేను వాడనమ్మా."

"సెలైను పెట్టేటప్పుడు?" అన్నాను.

ఆయన అబద్ధం చెప్పలేదు. "సెలైనుకు ఎప్పుడన్నా వాడతా."

"ఇండ్లకాడికి పోయి ఏస్తావు గదా, అవి యాడ పారేస్తావు?" అంది వెనకామె.

"ఇంటికాడ ఏసినవి ఒక్కోసారి ఇంటోళ్లే పారేస్తారు." ఆయన సూదిని కాగితంలో చుట్టి నాకే ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు మా అత్త వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

మంగళవారం పొద్దున్నే పాపను తీసుకుని ప్రొద్దుటూరు బస్సెక్కాను. అక్కడి పిల్లల డాక్టరమ్మ సూదిని వెలుతురుకు పెట్టి చూసింది. ఎండిన రక్తం ఏమీ లేదు.

"భయం తక్కువే. కానీ లేదని చెప్పలేను. మీ ఊళ్లో ఎవరికైనా ఆ జబ్బు ఉందా?"

పాపను దగ్గరికి లాక్కున్నాను. ఆమెకు అర్థమైంది.

"దీనికి ముందుజాగ్రత్త మందు ఉంది. కడపలో దొరుకుతుంది. గుచ్చుకున్న మూడు రోజుల్లోపల మొదలుపెట్టాలి, నెల రోజులు మింగాలి. ఇంత చిన్నపిల్లకు కష్టం, వాంతులవుతాయి, ఒళ్లు గుల్లవుతుంది. ఆ సూది ఎవరికి వేసిందో తెలుసుకోండి. తెలియకపోతే గురువారం పొద్దునకల్లా కడపలో ఉండండి. నేను చీటీ రాసిస్తాను."

తిరుగు బస్సులో పాప నా ఒళ్లో నిద్రపోయింది. నా లెక్కంతా గురువారం మధ్యాహ్నం దాకానే. అంతలోపల ఒక సూది ఎవరిదో తెలియాలి.

ఇంటికి రాగానే మా అత్త ఎదురొచ్చింది. "ఏమన్నారు మే?"

"ఏం లేదత్తా. బానే ఉందన్నారు."

చెప్పలేకపోయాను. ఆ జబ్బు మాట నోటి నుంచి వస్తే రేపటికి ఊరంతా పాకుతుంది. నా బిడ్డకు జబ్బు ఉన్నా లేకపోయినా ఆ మాట మాత్రం ఉండిపోతుంది. బడిలో పక్కన కూర్చోనివ్వరు. ఆ లారీ డ్రైవరు ఇంటి కుండలో ఇప్పటికీ ఎవరూ నీళ్లు తాగరు, అది చూస్తూనే ఉన్నాను. మా ఆయనకు మాత్రం రాత్రి చెప్పాను. ఆయన నిద్రపోతున్న పాప వేలు పట్టుకుని చూశాడు. "గురువారం కొట్టు మూసి నేనూ వస్తా" అన్నాడు.

అంతకుముందే, ఆ మధ్యాహ్నం షెడ్డుకు వెళ్లాను. గూట్లోంచి రబ్బరు తొడుగులు తీసి తొడుక్కుని, గుంత తర్వాత గుంత చిన్న పారతో తిరగేశాను. డాక్టరుండే వీధి గుంతలో దూది ఉంది, మందు డబ్బాలు ఉన్నాయి, సూది ఒక్కటీ లేదు. ఆయన డబ్బా మాట నిజమే. రెండో వీధిలో లేదు. మూడో దాంట్లో ఒకటి. మా వీధి గుంతలో రెండు. అన్నీ లావువే, గులాబివే. అన్ని వీధుల కసువూ ఒకే దిబ్బగా పోసి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు.

కానీ తెలిసినందువల్ల నెమ్మది రాలేదు. మా వీధిలో ఉండేవి తొమ్మిది ఇండ్లు. వారానికోసారి డాక్టరు మోపెడ్డు ఆగే ఇల్లు ఒకటే. చివరి ఇల్లు. అక్కకు జ్వరం వచ్చినప్పుడల్లా ఆయన ఇంటికే వెళ్లి సూది వేసి, సెలైను పెట్టి వస్తాడు.

నేను పార పట్టుకుని నిలబడి ఉండగానే ఆమె బండి తోసుకుంటూ వచ్చింది. నా చేతులకున్న తొడుగులు చూసింది. మూడు సూదులు కాగితం మీద పెట్టి ఉన్నాయి, అవీ చూసింది.

"ఏం వెతుకుతాండావు పాపా?"

"ఊరికేనక్కా."

ఆమె బండి ఒంపి, చీపురు కట్ట గోడకు ఆనించి వెళ్లిపోయింది. ఊరికే ఎవరూ తొడుగులు తొడుక్కోరని ఆమెకు తెలియదా? ఆ రాత్రంతా ఆమె గురించి ఆలోచించాను. ఆమెను పనిలో పెట్టింది నేనే అనుకున్నాను. పెట్టకుండా ఉంటే బాగుండేదని కూడా అనుకున్నాను. ఇది రాయడం ఇష్టం లేదు, కానీ అనుకున్న మాట నిజం.

బుధవారం సాయంత్రం సంఘం కూర్చునే రోజు. షెడ్డు ముందు చాపలు పరిచాం. పాపను ఇంట్లో వదలబుద్ధి కాక వెంట తెచ్చుకున్నాను, షెడ్డు గోడ మీద కూర్చోబెట్టాను. చిన్నవాడు మా అత్త ఒళ్లో ఉన్నాడు. ఎండ పొద్దు వాలినా తగ్గలేదు.

కాగితం విప్పి సూదులు మధ్యలో పెట్టాను. "ఇవి ఎవరివో చెప్పండి. తప్పు పట్టను, ఎవరితోనూ అనను. నాకు తెలిస్తే చాలు."

ఒకామె కాలివేలితో చాప గీకుతోంది. ఇంకొకామె "ఆ డాక్టరునే అడగబోయింటే అయిపోయేది" అంది.

"అడిగినా. ఆయనవి కాదంట."

"యా దొంగ నాది దొంగతనమని చెప్పె?"

కొందరు నవ్వారు. మూడో వీధి నుంచి వచ్చిన ఒక లావుపాటామె నవ్వలేదు. గొంతు తగ్గించి, అందరికీ వినబడేట్లు అంది, "మీ గుంతలోనే గదా దొరికినాయి. మీ వీధిలో సూదులు ఏపిచ్చుకునేదెవరో ఊరికి తెలీదా ఏంది?"

ఇరవై తలలు ఒక్కసారి అక్క వైపు తిరిగాయి. ఆమె చివర, చాప మీద కాదు, నేల మీద కూర్చుని ఉంది. ఎప్పుడూ అక్కడే కూర్చుంటుంది. లేచి నిలబడింది.

"అడుగు పాపా. నిన్నటేళ నుంచి నీ నోట్లోనే ఉండాది ఆ మాట. నా గురించే గదా?"

నేను నేల చూశాను.

"ప్రొద్దుటూరులో ఏమన్నారో చెప్పు. బిడ్డను అంత దూరం ఊరికే తీస్కపోవు నువ్వు."

అప్పుడు చెప్పాను. మూడు రోజుల సంగతి, నెల రోజుల మందు సంగతి, రేపు పొద్దున కడప బస్సు సంగతి. జబ్బు పేరు కూడా పలికాను. నా జీవితంలో ఆ పేరు పదిమందిలో పలకడం అదే మొదటిసారి. ఆపకుండా చెప్పాను.

అక్క తలూపింది. "నా సూది నేను ఈ కసువులో ఎయ్యను. డాక్టరప్ప మరిచిపోయి వదిలిపెట్టిపోయినా, పొయ్యిలో ఏసి కాల్చి, బూడిదలో మిగిలిన ఇనుము రాయికేసి కొట్టి పూడుస్తా. నాకు తెలీదా? నాకు బిడ్డలు ల్యారా? ఈ బండి నేను తోస్తాండా. ఇంట్లో పెట్టుకునే భయం బండిలో ఏస్తానా?"

"అట్లంటే సరిపోయె" అంది ఆ లావుపాటామె. "చూసినోళ్లెవరు?"

"గమ్మునుండండే!"

మా అత్త గొంతు అది. చిన్నవాణ్ణి ఒళ్లోంచి దింపి, గోడ పట్టుకుని లేచింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, లేవడానికి కొంచెం సేపు పట్టింది.

"ఆమెననొద్దు. ఆ సూది నాది."

నాకు అర్థం కాలేదు. మా అత్త సూది అంటే భయపడే మనిషి.

"నాకు కాదు మే, ఎనుముకు. దూడ సచ్చిపోయినప్పటి నుంచి అది చేపడం ల్యా. మైదుకూరులో మందు తెచ్చుకుని పొద్దున, మాపు ఏస్తాండా."

ఎనుము చేపడమంటే పొదుగులోకి పాలు దింపడం. దూడ మూతి తగిలితేనే దింపుతుంది. మా దూడ ఎండాకాలంలో పోయింది. అయినా ఎనుము గిన్నెడు పాలిస్తూనే ఉంటే, అందరూ మా అత్తది మంచి చెయ్యి అనేవాళ్లు. పిండేటప్పుడు నన్ను కొట్టంలోకి రానిచ్చేది కాదు. "నువ్వు కొత్తమనిషివి, నిన్ను చూస్తే చేపదు" అనేది. ఏడేళ్లయినా నేను కొత్తమనిషినేనా అని నాలో నేను నొచ్చుకునేదాన్ని. ఆ సూది పాలు పిల్లలకు మంచివి కావని, పాలకేంద్రంలో తెలిస్తే పాలు పోయించుకోరని ఆమెకు తెలుసు. అందుకే తలుపు వేసుకునేది.

"సూది మొద్దుబారితే పారేస్తా. దాని మూత యాడో పోయింది. ఉత్తగా ఏస్తే కసువు ఏరే ఆడోళ్ల చేతికి గుచ్చుకుంటాదని మొనకు జొన్నబెండు గుచ్చి ఏసినా." అని పాప వైపు తిరిగింది. "ఏం పాపా, దానికి బెండు ఉండెనా?"

మా వైపు పిల్లలు జొన్నదంటు బెండుతో బండ్లు, కళ్లద్దాలు చేసుకుంటారు. కసువులో తెల్లటి బెండు ముక్క కనబడితే వదలరు. ఎవరికీ గుచ్చుకోకూడదని ఆమె పెట్టిన బెండే నా కూతుర్ని పిలిచింది.

పాప ముందు నా చెయ్యి వైపు చూసింది. తర్వాత నా మొహం చూసింది. అప్పుడు చెప్పింది.

"ఉండె జేజీ. బండి చక్రమనుకున్నా. పీకితే సూది వచ్చె. అమ్మకు చెప్పినా."

అవును, చెప్పింది. సోమవారం మధ్యాహ్నమే చెప్పింది.

"ముందే ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను. అరిచానేమో కూడా.

"ధనుర్వాతం సూది ఏసినారు గదా, అయిపాయ అనుకున్నా. నిన్న ఏమన్నారని అడిగితే ఏం లేదంటివి. నువ్వు చెప్పింటే నేను చెప్పనా? బిడ్డ కంటే నాకు పాలు ఎక్కువా?"

పాపను గోడ మీంచి కిందికి దించాను.

కాసేపటికి చాప గీకుతున్నామె "నేనూ ఏస్తాండా" అంది. ఆమె పక్కనామె, "మాదీ దూడ ల్యా" అంది. అట్లా ఆరుగురు. చివరికి అందరూ ఆ లావుపాటామె వైపు చూశారు. మూడో వీధి గుంతలో దొరికిన సూది ఇంకా కాగితం మీదే ఉంది.

"ఏం, నన్ను చూస్తారేంది? నాదే. పాలు రాకుంటే నేనేం నెత్తిన పోసుకోవాల్నా?"

అంది గానీ అక్క వైపు చూడలేదు.

నేను చీకటి పడకముందే బస్టాండు కాడ అంగట్లో రూపాయి బిళ్ల ఫోను నుంచి ప్రొద్దుటూరుకు చేశాను. మా అత్త కూడా వచ్చి పక్కన నిలబడింది. డాక్టరమ్మ రెండుసార్లు అడిగింది, ఆ సూది ఎనుముకు తప్ప ఇంకెవరికీ వేయలేదా అని. ఆ ప్రశ్న నేను అత్తకు చెప్పాను. "ఇంకెవరికేస్తాను, నీకా?" అంది. అప్పుడు డాక్టరమ్మ, "అయితే కడప వద్దు. వేలు వాచకుండా చూసుకోండి చాలు" అంది. ఫోను పెట్టేసి అంగడి బల్ల మీద కూర్చున్నాను. అత్త తన కొంగుతో నా మెడ తుడిచింది.

ఇంటికి పోయే దారిలో చివరి ఇంటి దగ్గర ఆగాను. అక్క పొయ్యి ముందు సంగటి కెలుకుతోంది. "అక్కా, నేను నిన్ను..." అన్నాను.

"మనసులో అనుకున్న్యావు. నోటితో అనలే. నోటితో అన్నోళ్లు శానామంది ఉండారులే." తెడ్డు తీయకుండానే అంది. "రేపటి నుంచి మీ ఇంటి కసువు మీరే సరిగ్గా వేరుచేసి పెట్టండి. అది చాలు నాకు."

నేను కూర్చుని నీళ్లు అడిగాను. ఆమె నన్ను ఒకసారి చూసి, కుండలోంచి ముంచి ఇచ్చింది. తాగాను. నాలో భయం లేదని చెప్పను. తాగాను, అంతే.

ఆ తర్వాత జరిగినవి పెద్ద కథలేమీ కావు. షెడ్డు గోడకు ఒక డబ్బా వేలాడదీశాం. ఎనుముదైనా మనిషిదైనా సూది అందులోనే వెయ్యాలి. నిండితే ఆరెంపీ డాక్టరు తన గుంతలో పూడుస్తాడు. ఆ సూది ఎనుముదని తెలిసీ ముందే ఎందుకు చెప్పలేదని ఆయన్నూ అడిగాను. "ఇంటింటి గుట్టు చెప్పే డాక్టరు గడప ఎవరు తొక్కుతారమ్మా?" అన్నాడు. గూట్లో తొడుగులు మళ్లీ బయటికొచ్చాయి. ముగ్గురు ఎనుముకు సూది మానేశారు. మిగతావాళ్లు మానేశామంటున్నారు. ఆ లావుపాటామె రెండు నెలలు సంఘానికి రాలేదు, తర్వాత ఎరువు పంచే రోజున గంప పట్టుకుని వచ్చింది, ఎవరూ ఏమీ అనలేదు. అక్క ఇప్పుడు చాప మీద కూర్చుంటుంది, ఒక పక్కగానే. పాపకు మూడు నెలలకు రక్తపరీక్ష చేయించాను. అవసరం లేదన్నా చేయించాను. ఏమీ లేదు.

ఆ గురువారం పొద్దున మాత్రం నాకు బాగా గుర్తుంది. కడప బస్సు ఊరి ముందు హారను కొట్టుకుంటూ వెళ్లిపోయింది. కొట్టం తలుపు తెరిచే ఉంది. మా అత్త వేడినీళ్లతో పొదుగు కడిగి, తవుడు ముందుపెట్టి, ఎనుము వీపు నిమురుతూ కూర్చుంది. నన్నూ రమ్మంది. నేను పోయి పక్కన నిలబడ్డాను. ఎంతసేపటికీ చెంబు అడుగు దాటలేదు. ఆ కాసిని పాలు పిల్లలిద్దరికీ సగం గ్లాసు చొప్పున పోసి, మిగతా సగం నీళ్లు కలిపి, బెల్లం వేసి ఇచ్చాను.

పాప గ్లాసు పట్టుకుని అడిగింది. "ఆ సూది ఎవరిదమ్మా?"

"మనదే. జేజిది."

"జేజిని కొట్నావా?"

"లేదు."

"మరి నన్నెందుకు కొట్నావు?"

చిన్నవాడు కూడా గ్లాసు దించి నా వైపు చూశాడు. వాడికి అర్థమై కాదు, అక్క చూస్తోంది కాబట్టి.

నేను వాళ్ల ముందు కింద కూర్చున్నాను. పాప ఎడమచేయి తీసుకుని బొటనవేలు చూశాను. గుచ్చుకున్న చోటు కనబడడం లేదు. "భయమేసి కొట్టినా" అని చెప్పాను. "నువ్వు తప్పు చేసినావని కాదు. నువ్వు చెప్తాంటే నేను విననే లేదు. ఇద్దరూ వినండి. కసువులో ఏది మెరిసినా, ఏది బాగున్నా ముట్టుకోవద్దు, బెండైనా సరే. ఒకవేళ ముట్టుకుంటే, గుచ్చుకుంటే, పరిగెత్తుకుంటూ వచ్చి నాకు చెప్పండి. మొత్తం చెప్పండి. నేను కొట్టను."